చెప్పిన పాఠానికి లెక్క
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



కువైట్‌లో మేము ప్రతి శుక్రవారం జుమా నమాజు తర్వాత మనవాళ్ళకు అరబ్బీ మాట్లాడటం నేర్పుతున్నాం. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఇంటిపనికి వచ్చిన అక్కచెల్లెళ్ళు, డ్రైవర్లు మా విద్యార్థులు. మేము శిక్షణ పొందిన పంతుళ్ళం కాము. దుకాణాల్లో, ఆఫీసుల్లో పని చేసుకునేవాళ్ళం.

మొదట్లో అలిఫ్, బే నుంచి మొదలుపెట్టాం. నాలుగు వారాలకే సగం మంది రావడం మానేశారు. ఏ రోజు ఏం చెప్పామో రాసుకోలేదు కనుక తప్పెక్కడో మాకే తెలియలేదు. చివరికి ఒక సోదరి చెప్పింది: "అక్షరాలు చిన్నప్పుడే నేర్చుకున్నాను భాయ్, ఖుర్ఆన్ చదువుతాను. రెండు నెలల జీతం రాలేదని మేడమ్‌ను ఎలా అడగాలో చెప్పండి."

ఇంటిపనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలని కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం చెబుతోంది. కానీ సెలవును 'ఇజాజా' అంటారని, జీతాన్ని 'రాతిబ్' అంటారని తెలియని మనిషి ఆ హక్కును ఏ నోటితో అడుగుతుంది?

ఆ రోజు నుంచి మాలో ప్రతి ఒక్కరం ఒక ఫైలు పెట్టాం. పాఠానికి ముందు ఒక పేజీ: ఈ రోజు వీళ్ళు ఏం అడగగలగాలి? పాఠం తర్వాత నాలుగు వరుసలు: ఏది వచ్చింది, ఏది రాలేదు? తోటి టీచరు వెనక కూర్చుని చూసి రాసిన మాట. విద్యార్థి ఒప్పుకుంటే, పేరు లేకుండా, మొదటి నెల మాటల రికార్డు, మూడో నెల రికార్డు. చెడిపోయిన పాఠాలను కూడా అందులోనే ఉంచుతున్నాం. అవి తీసేస్తే తర్వాత వచ్చే టీచరు మళ్ళీ అదే గుంటలో పడతాడు.

ఈ ఫైలు టీచరుకూ ఆసరా. ఇంగ్లీషు బోధనకు పేరున్న సెల్టా కోర్సులోనూ 120 గంటల శిక్షణలో 6 గంటలు నిజమైన తరగతిలో చెప్పి చూపాలి. చెప్పగలనని అంటే చాలదు, చెప్పినట్టు కనబడాలి. ఊరికి తిరిగి వెళ్ళి బడిలో ఉద్యోగం అడిగే మా సోదరి చేతిలో ఈ ఫైలు ఉంటుంది.

దాతలారా, మీరిచ్చిన ప్రతి రూపాయీ మా దగ్గర అమానత్. దాని ఖర్చుకు రసీదులు చూపిస్తాం. దాని ఫలితానికి ఈ ఫైళ్ళు చూపిస్తాం. తెరిచి చూడండి, లోపాలుంటే అడగండి.