తొలి సహచరి ఎంపిక

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో, ఇరుగుపొరుగును ఇంటికి పిలిచి సరుకు చూపించి అమ్మే ప్రత్యక్ష విక్రయానికి, అంటే దుకాణం లేకుండా కొనుగోలుదారుకు నేరుగా సరుకు చేర్చే వ్యాపారానికి, పరిచయమే అసలైన పెట్టుబడి. కనుక ఈ వ్యాపారంలో తనతో కలిసి అమ్మే తొలి సహచరిని ఎంచుకోవడంలో తొందర తగదు. కొంతకాలంగా ఆ సరుకును వాడుతూ, ఎవరూ అడగకుండానే దాని గుణదోషాలు రెండూ నలుగురికీ చెప్పే గృహిణి, లాభాల మాటకు ఆశపడి వచ్చే దగ్గరి బంధువు కన్నా నిస్సందేహంగా మేలు. ఆమెను చేర్చుకునేటప్పుడు నియమాలనూ చూసుకోవాలి. 2021 డిసెంబరులో కేంద్రం వెలువరించిన ప్రత్యక్ష విక్రయ నిబంధనల ప్రకారం సంస్థకూ విక్రేతకూ మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సరుకు అమ్మకం మీద కాక మనుషులను చేర్చడం మీదనే ఆదాయం వచ్చే పిరమిడ్ పథకం నిషిద్ధం. గుర్తింపు కార్డు, ముందస్తు అనుమతి లేకుండా కొనుగోలుదారు ఇంటికి వెళ్లరాదన్న నియమాన్ని కొత్త సభ్యురాలికి మొదటి రోజే తెలియజేయాలి.