తల్లి ఆరోగ్యం, బిడ్డ ఒంటరితనం, మన బాధ్యత

(బచేలిలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో జీతభత్యాలను గురించి, బదిలీలను గురించి, ఖాళీల భర్తీని గురించి మాట్లాడుకొనుట వాడుక. ఈ రోజు నేను ఎన్నుకొన్న విషయం ఇంటి లోపలిది. అయినను అది సెలవుతోను, బదిలీతోను, వైద్య సౌకర్యంతోను ముడిపడి ఉన్నది. కావున ఇది సంఘం పట్టించుకోవలసిన విషయమే.

బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చుటకై 1960 దశకంలో నిర్మించిన కిరండోల్–కొత్తవలస మార్గం సుమారు 446 కిలోమీటర్ల పొడవు. ఆ లైను వెంట తెలుగు కుటుంబాలు అనేకం ఇటు వచ్చాయి. ఖనిజం రేయింబవళ్లు ఈ దారిన సాగిపోతూనే ఉన్నది. కాని పరీక్షకై విశాఖ పోవలసిన తల్లికి మాత్రం ఇదే దారి దాటరానిదవుతున్నది.

పలువురు సోదరీమణులు నాతో చెప్పుకొన్న కష్టాలను ఒక్క కుటుంబం కథగా కలిపి చెబుతాను. ఆమె తపాలా కార్యాలయంలో అసిస్టెంటు. భర్త ఖనిజం బళ్లపై గార్డు. 2022 నుండి ఆ హోదా పేరు ట్రెయిన్ మేనేజరుగా మారినది గాని, వేళాపాళా లేని డ్యూటీ మారలేదు. ఆమె తల్లి, పిన్నమ్మ యాభై ఏండ్లు నిండకముందే రొమ్ము కాన్సరుతో పోయారు. ఆమెకిప్పుడు ముప్పది ఎనిమిది. కొడుక్కు తొమ్మిది. పిల్లవాడు లెక్కలలో చురుకు. అయినా బడిలో ఎవరితోను కలియడు. ఆటకు ఎవరూ పిలువరు. ఇంట తెలుగు, బడిలో హిందీ, వీధిలో హల్బీ. ఏ భాషలోనూ వానికి స్నేహితుడు లేడు. తల్లి రెండు రోజులు కనబడకపోతే అన్నం ముట్టడు. విశాఖ వెళ్లి పరీక్ష చేయించుకొమ్మని డాక్టరు చెప్పి ఏడాదిన్నర గడచినది. "వీడు కాస్త నలుగురిలో కలిసిన తరువాత చూద్దాం" అని ఆమె వాయిదా వేస్తున్నది.

ఈ వాయిదా ఎంత ప్రమాదకరమో చూడండి. మన దేశపు స్త్రీలలో నేడు అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది రొమ్ము కాన్సరే. అందులో వంశానుగతంగా వచ్చేది నూటికి అయిదు నుండి పది వరకే. కనుక తల్లికి వచ్చినంత మాత్రాన కూతురికి వచ్చి తీరుతుందనుట తప్పు. అయితే 1994, 1995 సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు గుర్తించిన బి.ఆర్.సి.ఏ. జన్యువులు రెండింటిలో ఒకదానిలో లోపం ఉన్న స్త్రీకి ఎనభై ఏండ్లలోగా ఆ వ్యాధి వచ్చే అవకాశం నూటికి 70 వరకు ఉంటుంది. ఆ లోపం ఆమె సంతానానికి, ఆడగాని మగగాని, సంక్రమించే అవకాశం సగం. ఇది రక్తపరీక్షతో తెలియును. తెలిసినచో ఏటేటా పరీక్షలతో వ్యాధిని తొలిదశలోనే పట్టవచ్చును. తెలియనిచో భయం మాత్రమే మిగులును.

1985లో, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఆయన సతీమణి బసవతారకం కాన్సరుతో మరణించారు. ఆమె పేర హైదరాబాదులో ఆసుపత్రి 2000లో ప్రారంభమయినది. నటి గౌతమి ముప్పది అయిదవ ఏట తన రొమ్ములోని గడ్డను తానే గుర్తించి, చికిత్స పొంది, చిన్న కుమార్తెను పెంచి పెద్దచేశారు. పదవి ఉన్న ఇల్లని వ్యాధి ఆగదు. ముందుగా గుర్తించిన చోట మాత్రం మనిషి నిలిచే అవకాశం హెచ్చు. ముంబయిలో టాటా స్మారక కేంద్రం లక్షన్నర మంది స్త్రీలపై ఇరవై ఏండ్లు జరిపిన పరిశీలన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించగా, యాభై దాటిన స్త్రీలలో రొమ్ము కాన్సరు మరణాలు నూటికి సుమారు 30 వంతున తగ్గాయి. పెద్ద యంత్రం లేని చోటనూ చేయదగిన పని ఇది.

ఇక పిల్లవాని మాట. మాట్లాడని ప్రతి పిల్లవాడూ వ్యాధిగ్రస్తుడు కాడు. భాష రాక ముడుచుకొన్నవాడు కావచ్చును. ఆటిజం కూడా కావచ్చును. దానిని తేల్చవలసినది డాక్టరు గాని ఇరుగుపొరుగు కాదు. తల్లి పెంపకం లోపం వలన ఆటిజం రాదు. "మొండివాడు, తల్లి గారాబం" అనే మాట ఆ తల్లి నెత్తిన మరొక బరువు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. ధ్రువపత్రం ఉన్నచో, సంరక్షకుడైన కేంద్ర ఉద్యోగిని మామూలు బదిలీల నుండి మినహాయించే ఉత్తర్వు 2014 నుండి ఉన్నది.

మహిళా ఉద్యోగికి సంతాన సంరక్షణ సెలవు మొత్తం సర్వీసులో 730 రోజులు. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తరువాతి వాటికి నూటికి 80. కాని దీనిని హక్కుగా కోరరాదని నియమాలలోనే ఉన్నది. ఇద్దరే పనిచేసే కార్యాలయంలో బదులు మనిషి లేడన్న ఒక్క మాటతో దరఖాస్తు వెనుకకు వస్తుంది. గ్రామీణ డాక్ సేవక్ సోదరీమణులకు ఈ సెలవే లేదు. సంఘం పని ఇక్కడ ప్రారంభం కావాలి.

నా సూచనలు నాలుగు. ఒకటి: వైద్య పరీక్షకై వెళ్లే సోదరికి బదులు మనిషిని ముందుగానే ఏర్పాటు చేయునట్లు ప్రతి శాఖ అధికారులతో మాట్లాడాలి. రెండు: ముప్పది దాటిన స్త్రీలందరికీ ఏటా బచేలిలో, కిరండోల్‌లో పరీక్షా శిబిరం జరిపించాలి. మూడు: అవసరమైనవారిని విశాఖ అగనంపూడిలోని హోమీభాభా కాన్సరు ఆసుపత్రికి పంపాలి. కాన్సరు రోగికి, తోడు వెళ్లేవారికి గల రైలు రాయితీ పత్రాలు నింపి పెట్టే బాధ్యత మన కార్యకర్తలు తీసుకోవాలి. నాలుగు: ఆ తల్లి ప్రయాణానికి నెల ముందునుండే కాలనీలో రెండు కుటుంబాలు ఆ పిల్లవానికి అలవాటు కావాలి. ప్రతి సాయంత్రం అరగంట చాలు. వానిని మాట్లాడమని ఒత్తిడి చేయవద్దు. మీ పిల్లవాడు వానిపక్కన కూర్చుని లెక్కలు చేసుకొన్నా సరిపోతుంది.

సోదరులకు ప్రత్యేకించి ఒక మనవి. భార్య తన ఒంట్లో మార్పు చెప్పినప్పుడు "నీకేం, బాగానే ఉన్నావు" అనవద్దు. ఇంటి జబ్బు బయటపడితే పిల్లలకు సంబంధాలు రావని దాచవద్దు. కాన్సరు అంటువ్యాధి కాదు. దాచిన ఇంటిలో అది ముదిరిన తరువాతనే బయటపడుతుంది.

తల్లి విశాఖ వెళ్లుట బిడ్డను విడిచిపెట్టుట కాదు. ఆ బిడ్డకు ఇరవై ఏండ్లు వచ్చు నాటికి ఆమె బ్రతికి ఉండుటకై వేసే అడుగు. ఆ మూడు రోజులు బిడ్డను చూచుకొనుటకు ఇరుగుపొరుగున మనమున్నాము. ఈ సభ నుండి ఇళ్లకు వెళ్లేముందు మీ లైనులో అటువంటి ఇల్లు ఏదో ఆలోచించి, రేపు సాయంత్రమే ఆ తలుపు తట్టవలసినదిగా కోరుచున్నాను.