లంబసింగికి బండి మీద

చలికాలం వచ్చిందంటే మన చింతపల్లి మన్యంలోని లంబసింగికి కుర్రాళ్లు బండ్లేసుకుని బయలుదేరతారు. కొర్రబయలు అని కూడా పిలిచే ఆ ఊరు సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది.

అక్కడ 5 డిగ్రీల చలిలో గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళితే, ఎదురుగాలికి ఒంటికి తగిలే చలి సున్నా కంటే కిందికి పోతుంది. అందుకే ఒక్క మందపాటి స్వెట్టర్ చాలదు. దాని అల్లికలోంచి గాలి దూసుకొస్తుంది. లోపల ఒంటికి అతుక్కునే బనియను, దానిపై ఉన్ని, అన్నిటికీ పైన గాలి చొరని జాకెట్ వేసుకోండి. లోపలిది నూలుది వద్దు. మట్టిదారిలో బండితో పెనుగులాడితే చెమట పడుతుంది. నూలు దాన్ని పీల్చుకుని తడిగానే ఉంటుంది, ఆగగానే వణుకు పుడుతుంది.

నాకు అన్నిటికంటే భయం వేళ్ల గురించే. కొయ్యబారిన వేళ్లకు బ్రేకు అందదు. ఘాట్‌లో అది ప్రాణం మీదికి వస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కగానే బండి ఆపి, చేతులు చంకల్లో పెట్టుకోండి. సాక్సు రెండేసి జతలు తొడిగి బూటు బిగించకండి, రక్తం ఆడదు.

బండికి కట్టే సంచుల్లో బరువైనవి కిందికి సర్దండి. పొడి గ్లౌజులు, సాక్సు పాలిథిన్ కవర్లో చుట్టి చేతికందేలా పైన పెట్టుకోండి. వేసుకున్నవాటిలో మంచుకు మొదట తడిసేవి అవే.