పాంచాలంకురిచ్చి ప్రయాణానికి ముందు



పూర్వుల కోటను ఒకసారి చూచి రావాలన్న కోరిక తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తరచు వినిపిస్తుంది. రాజకంబళ నాయకుల ఇండ్లలో ఆ కోట పేరు పాంచాలంకురిచ్చి. తూత్తుకుడి జిల్లాలో ఒట్టపిడారానికి చేరువనున్న ఆ పల్లెకు వెళ్ళదలచినవారు మూడు విషయాలు తెలిసికొనాలి.

మొదటిది కాలం. అది మెట్టనేల, నీడ తక్కువ. ఈశాన్య ఋతుపవనాల వానలు వెనుదీసిన జనవరి, ఫిబ్రవరి నెలలు అనుకూలం.

రెండవది మార్గం. మదురై నుండి తిరునల్వేలికి పోయే రహదారిలో కయత్తారు వస్తుంది. 1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను కుంపిణీవారు ఉరితీసినది అక్కడనే. ముందు అక్కడ ఆగి, పిదప కోటకు సాగడం ఉచితం.

మూడవది చూపు. నేడు కనిపించే కోట 1974లో తమిళనాడు ప్రభుత్వం నిర్మించిన స్మారకం. అతని తమ్ముడు ఊమైదురై 1801లో తిరిగి లేపిన అసలు కోటను ఆ ఏడాది మే 24న కుంపిణీ సేన పట్టుకొన్నది; తరువాత నేలమట్టం చేసింది. మిగిలినవి పునాదులే. పిల్లలకు వాటిని చూపకుంటే కొత్తగోడనే తాతల గోడగా తలుస్తారు.

పునాదులు మాటాడవు, ఇంటిలోని అవ్వలు మాటాడతారు. ఇలవేల్పు జక్కమ్మ కథను తెలుగులో చెప్పేవారున్నా, దానిని తెలుగు లిపిలో వ్రాయగలవారు తక్కువ. ఆ కొరత తీర్చేది ఇటువంటి పాఠశాల. కనుక బస్సు కుదుర్చుకొనక ముందే పిల్లవాని చేతికి నోటుపుస్తకమిచ్చి అవ్వ చెంత కూర్చుండబెట్టాలి. పునాదులు వచ్చే ఏడాదీ ఉంటాయి. అవ్వ విషయంలో ఆ వాయిదా తగదు.