నడిచే నేల

అంబాజీపేట చుట్టుపట్ల కాలువగట్ల వెంట నడిచేవారికి ఒక దృశ్యం పరిచితమే. కొబ్బరిచెట్టు మొదట్లో నీటివైపు ఒరిగి, ఆపైన వంపు తిరిగి నిటారుగా పైకి లేస్తుంది. వెలుతురుకోసం నీటిమీదికి వంగినదని అందరూ అంటారు. చాలామట్టుకు అది నిజమే. కాని కొన్ని చెట్ల విషయంలో ముందు కదిలినది చెట్టు కాదు, దాని మొదట్లో ఉన్న నేల. కొబ్బరిమాను ఒకసారి ఏర్పడిన తరువాత మరి లావెక్కదు. పడిన వంపును సవరించుకొనలేదు. అందుచేత ఆ గట్టు జారిన సంగతిని మాను బ్రతికినంతకాలం చెపుతూనే ఉంటుంది.

కొండ అన్నది కనబడని కోనసీమలో నేల జారటమేమిటని శ్రోతలు ఆశ్చర్యపడవచ్చు. కాలువగట్టు, ఏటిగట్టు, చెరువుగట్టు ఇవన్నీ వాలులే. వాలుమీద మట్టికి పనిచేసే న్యాయం రెండు బారల గట్టుకైనా మహాపర్వతానికైనా ఒకటే. ఆ న్యాయం స్ఫుటంగా కనబడేది మాత్రం ఉత్తరధ్రువప్రాంతంలో. కనుక ముందు అక్కడికి పోయి వద్దాం.

సైబీరియాలో, అలాస్కాలో, కెనడా ఉత్తరభాగంలో నేల ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉంటుంది. వరుసగా రెండేళ్లయినా సున్న డిగ్రీలకు పైకి రాని నేలను శాస్త్రజ్ఞులు పెర్మాఫ్రాస్ట్ అంటారు. మన దేశంలో లదాఖ్ ఎత్తులలోనూ ఇట్టి నేల ఉన్నది. వేసవి వచ్చినప్పుడు దాని పైపొర మాత్రమే కరుగుతుంది. శీతకాలంలో మళ్లీ బిగుసుకుంటుంది.

బిగుసుకున్నప్పుడు నేల ఉబ్బుతుంది. నీరు మంచుగా మారితే నూటికి తొమ్మిది పాళ్లు పెరుగుతుంది గనుక ఉబ్బటం సహజమేనని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలో స్టీఫెన్ టేబర్ అనే భూవిజ్ఞాని 1930 ప్రాంతంలో ఒక చక్కని పరీక్ష చేశాడు. మట్టిలో నీటికి బదులు బెంజీన్ పోసి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే పెరగదు సరికదా, కుంచించుకుపోతుంది. అయినా మట్టి ఉబ్బింది! అనగా అసలు కారణం వేరు. గడ్డకట్టే చోటు కింది తడిని పైకి లాగుకొని, పొరలు పొరలుగా మంచుపలకలు కడుతుంది. ఆ పలకలే నేలను పైకి నెట్టుతవి.

ఇక వాలు సంగతి. ఉబ్బేటప్పుడు మట్టిరేణువు వాలుతలానికి లంబంగా లేస్తుంది. మంచు కరిగాక తన బరువుతో దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది. లేచిన తావు ఒకటి, దిగిన తావు మరొకటి. రెండవది వెంట్రుకవాసి దిగువన ఉంటుంది. 1889లో చార్లెస్ డేవిసన్ అనే ఆంగ్లేయుడు ఈ కిటుకు వివరించాడు. దీనికి తోడు, కరిగిన నీరు కింది గడ్డలోకి ఇంకలేక పైపొరలోనే నిలిచి, మట్టిని అంబలిలా చేస్తుంది. అప్పుడు రెండు మూడు డిగ్రీల వాలు చాలు, నేల మెల్లగా పారుతుంది. స్వీడన్ దేశస్థుడు ఆండర్సన్ 1906లో దీనికి సాలిఫ్లక్షన్ అని పేరు పెట్టాడు. నేల ప్రవాహమని అర్థం. తరువాత చైనాలో ఆదిమానవుని ఎముకల అన్వేషణకు దారితీసినవాడూ ఈయనే. ఈ ప్రవాహం తరచు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మొదలు కొన్ని సెంటీమీటర్ల దాకా ఉంటుంది. అడుగున గడ్డ కరిగి నేల కుంగినచోట చెట్లు తలోవైపుకు ఒరిగిపోతవి. అటువంటి అడవిని అక్కడివారు తాగిన అడవి అంటారు.

ఇక్కడ గమనించదగినది ఒకటున్నది. గడ్డకట్టిన వాలు రాతివలె గట్టిగా నిలిచి ఉంటుంది. కదలికంతా కరిగేటప్పుడు, అనగా బిగువు సడలే వేళ.

మన డెల్టాలో మంచు లేదు. తడీ ఎండా ఉన్నవి. బంకపాలు హెచ్చుగా ఉన్న ఒండ్రు తడిసి ఉబ్బుతుంది. వేసవిలో కాలువ కట్టివేసినప్పుడు ఎండి, ముడుచుకొని, బీటలు తీస్తుంది. గట్టువాలుమీద ఏటేటా ఈ ఉబ్బూ ముడుపూ జరుగుతుంటే డేవిసన్ చెప్పిన అడుగులే ఇక్కడా పడతవి. బిగువు సడలే వేళ కూడా మనకు ఉన్నది. అది నీరు తీసే వేళ. నిండుగా ఉన్న నీరు గట్టును ఆనుకొని ఒక దన్నుగా ఉంటుంది. ఆ నీరు గబగబా దిగిపోతే దన్ను పోతుంది. గట్టు లోపలి తడి మాత్రం అంత త్వరగా పోదు. బరువెక్కిన మట్టి, లోపల నీటి ఒత్తిడి, బయట ఆధారం శూన్యం. గట్టు బొమ్మలా కూర్చుండిపోతుంది.

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరదతో పారినది. అప్పటి గండ్లు పోటెత్తిన నీరు చేసిన పని. అవి అందరికీ జ్ఞాపకమే. నీరు తీసిన తరువాత ఒడ్డులు విరిగిపడటం అంతగా ప్రచారంలోకి రాదు. లంకల రైతుకు మాత్రం అది బాగా తెలుసు. కొబ్బరిచెట్టుతోసహా కుంచాల నేల ఏటిలోకి దిగిపోయేది అప్పుడే. వరద తగ్గినది గదా అని కాపలా ఎత్తివేయటం తొందరపాటని మా ఉద్దేశం. కాలువలు కట్టేటప్పుడు కూడా నీటిని ఒక్కసారిగా కాక క్రమంగా దించటంలోని మర్మమిదే.

ఎండకు పడిన బీటలన్నీ ప్రమాదసూచకాలు కావు. చేలో పడే బీటలు వలలాగా అల్లుకొని ఉంటవి. గట్టు నెత్తిమీద, అంచుకు సమాంతరంగా, బారల పొడవున ఒకే గీతగా సాగిన బీట వేరు. గట్టు అక్కడినుంచి విడివడుతున్నదన్నమాట. తొలకరి వాన దానిలో నిండితే ఆ నీరే మేకులా పనిచేసి మట్టిని బయటికి తోస్తుంది. రోహిణికార్తె వెళ్లకముందే ఆ బీటను కొంత లోతు తవ్వి, తడిపిన బంకమన్ను పొరలుగా కూరి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, వాననీరు పక్కకు పోయేట్లు పైన కాస్త వాలు ఉంచాలి.