రఫ్‌లో ఉన్న ప్రాణం ఫైనల్‌లో ఎక్కడికి పోయింది?

అనకాపల్లి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. కిందటిసారి కార్టూన్‌కి ఐడియా ఎలా పుడుతుందో మాట్లాడుకున్నాం కదా. ఆ తర్వాత చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, ఐడియా సరే, పెన్సిల్ గీత నుంచి పోస్ట్ చేసే బొమ్మ దాకా మధ్యలో ఏం జరుగుతుంది?" అని. ఈరోజు అదే చెప్తాను. అయితే పాఠంలా కాదు. ఈమధ్య నన్ను మూడు వారాలు ఏడిపించిన ఒకే ఒక్క పేజీ గురించి చెప్తాను, పని మొత్తం అందులోనే ఉంది.

ఆ పేజీ మా బెల్లం మార్కెట్ మీద. మా నాన్న అక్కడ చాలా ఏళ్లు కళాసీగా చేశాడు. బెల్లం దిమ్మలు నెత్తిన పెట్టుకుని మోసే పని. ఒక కళాసీ రోజు ఎలా గడుస్తుందో ఆరు ప్యానెళ్లలో గీద్దామనుకున్నా. నాన్నకి చెప్పలేదు. నా బొమ్మలు ఆయన ఎప్పుడూ పెద్దగా చూడలేదు కూడా. "ఫోన్‌లో గీకుతున్నాడు" అంటాడు, అంతే.

మొదట గీసేది అసలు బొమ్మే కాదు. బస్సు టికెట్ అంత కాగితం మీద ఆరు గళ్లు. అంత చిన్నగా ఎందుకంటే, అందులో కళ్లూ ముక్కూ పెట్టాలన్నా చోటుండదు. మనిషి ఎక్కడున్నాడు, ఎటు నడుస్తున్నాడు, మాట ఎక్కడొస్తుంది, ఈ మూడే తేలాలి. మనం ఎడమ నుంచి కుడికి చదువుతాం కాబట్టి కుడివైపు నడిచేవాడు ముందుకెళ్తున్నట్టు, ఎడమవైపు నడిచేవాడు తిరిగొస్తున్నట్టు కనిపిస్తాడు. అందుకే ఐదు ప్యానెళ్లలో బరువుతో కుడికి నడిపించి, చివరిదాంట్లో ఒట్టి చేతులతో ఎడమకి తిప్పాను. ఇలాంటి చీటీలు ఎనిమిదో తొమ్మిదో గీసి ఒకటి ఉంచుకున్నా. దీనికి గంట కూడా పట్టదు, కానీ చాలామంది ఈ గంటే వదిలేస్తారు.

తర్వాత పెన్సిల్. నేను లేత నీలం పెన్సిల్‌తో మొదలుపెడతా. దానిమీద ఇంకు గీసి స్కాన్ చేసి నలుపు తెలుపుల్లోకి మారిస్తే నీలం దాదాపు ఎగిరిపోతుంది, రబ్బరుతో కాగితం పాడుచేసుకోనక్కర్లేదు. ఫోన్‌లో గీసేవాళ్లకి ఐబిస్ పెయింట్‌లో రఫ్ లేయర్ పలచన చేసి, దానిమీద కొత్త లేయర్ తెరవడం కూడా ఇదే పని.

ఇంకు వేశాను. పేజీ చచ్చిపోయింది! మీలో గీసేవాళ్లకి ఇది తెలిసే ఉంటుంది. రఫ్‌లో మనిషి నడుస్తుంటాడు, ఫైనల్‌లో బొమ్మై నిలబడిపోతాడు. టిన్‌టిన్ గీసిన ఎర్జే పెన్సిల్ కాగితాలు చూడండి, ఒకే చెయ్యి మీద పది గీతలుంటాయి. ఆయన వాటిలోంచి బాగా కదులుతున్న గీతని ఏరుకుని, పైన కాగితం పెట్టి దించుకునేవాడు. నేనేమో సరైన గీత ఎంచుకోలేదేమో అనుకుని మళ్లీ దించా, మళ్లీ దించా. నాలుగోసారీ అంతే.

ఆ కాగితాలు మంచమ్మీద పడుంటే నాన్న చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏట్రా ఇది? ఈడు ఎందుకలగ వంగిపోయేడు?"

"బరువు కదా నాన్నా, కష్టపడుతున్నట్టు కనపడాలి కదా" అన్నాను.

"దిమ్మ నెత్తి మీదుంటే తలొంచుతారేట్రా? ఒంచితే జారి కింద పడతాది. మెడ నిటారుగా ఉంటాది. బరువు కాళ్లలో తెలుస్తాది. ఈడ్ని ముష్టోడిలా గీసేవేటి?"

ఆ చివరి మాటకి నాకు మాట రాలేదు. నేను గీసింది మోసేవాణ్ణి కాదు, జాలి పడాల్సిన మనిషిని. లైకులొస్తాయని లోపల ఎక్కడో ఉంది, దాచడం దేనికి.

తర్వాత ఆయనే లేచాడు. తువ్వాలు చుట్టి నెత్తిన పెట్టుకుని, దానిమీద బియ్యం డబ్బా పెట్టుకుని వసారాలో అటూ ఇటూ నడిచాడు. అమ్మ తిడుతూనే ఉంది. నేను ఫోన్‌లో వీడియో తీశా. దాన్ని ఆపి ఆపి చూస్తే, మోకాళ్లు కొంచెం వంగే ఉన్నాయి, అడుగులు చిన్నవి, త్వరత్వరగా పడుతున్నాయి, మెడ కర్రలా ఉంది. చూపు నేలమీద లేదు, నాలుగడుగుల ముందుంది. ఇవేవీ నా నాలుగు వెర్షన్లలో లేవు.

చందమామలో విక్రమార్కుడు గుర్తున్నాడా? భుజాన శవం, చేతిలో కత్తి. ఆ బొమ్మ శంకర్ గారిది, అసలు పేరు కె.సి. శివశంకరన్, 2020లో 96 ఏళ్ల వయసులో పోయారు. ఆ రాజు మోస్తున్నా కుంగిపోడు. చిన్నప్పటి నుంచి చూస్తున్న బొమ్మే, ఆ సంగతి మాత్రం ఆరోజే కనపడింది.

ఐదు ప్యానెళ్లూ మళ్లీ రఫ్ నుంచి మొదలుపెట్టా. ఈసారి ఇంకులో ఒక్కటే పాటించా. బరువు ఆనే చోట, అంటే పాదాల కింద, పిక్కల మీద గీత లావు. ముఖం దగ్గర సన్నం. అంతే, ఇంక దించాల్సిన అవసరం రాలేదు.

ఇప్పుడు అక్షరాలు. దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కొంచెం ఆగుతాను. ఇంగ్లీష్ కామిక్స్‌లో మాటలు ఎక్కువగా పెద్ద అక్షరాల్లో ఉంటాయి, అన్నీ ఒకే ఎత్తు, బెలూన్‌లో ఇటుకల్లా సర్దుకుంటాయి. మనకలా కుదరదు. పైన గుడి, కింద వత్తు. పై వరసలో వత్తు, కింది వరసలో గుడి కొట్టుకుంటాయి. అందుకే వరసల మధ్య జాగా ఎక్కువ వదలాలి, బెలూన్ పెద్దదవుతుంది, బొమ్మకి చోటు తగ్గుతుంది. కాబట్టి మాటలు బొమ్మ అయ్యాక ఇరికించేవి కావు, పెన్సిల్ దశలోనే రాసేయాలి. పట్టకపోతే మాట తగ్గించండి, అక్షరం కాదు. బాపు గారు అందుకే గొప్ప. బొమ్మ గీసిన చేత్తోనే అక్షరం రాశారు, గీతా రాతా ఒకే వంపు. ఆయన దస్తూరీ చివరికి ఫాంటే అయిపోయింది. దస్తూరీ బాగోదనుకునేవాళ్లకి మల్లన్న, ధూర్జటి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. కానీ కొన్ని యాప్‌లలో వత్తు విడిపోయి పక్కకి జరుగుతుంది. పోస్ట్ చేసేముందు ఒక్కో అక్షరం చూసుకోండి.

సైజు సంగతి గబగబా చెప్పేస్తా. ఇన్‌స్టాకి 1080 పిక్సెళ్ల వెడల్పు సరిపోతుంది. అదే బొమ్మ 300 డిపిఐలో అచ్చువేస్తే మూడున్నర అంగుళాలకి కాస్త ఎక్కువ, అంతే వస్తుంది. రేపు ఎవరైనా పుస్తకంలో వేస్తామంటే ఏడుస్తాం. కనీసం రెండింతల సైజులో గీసి, పోస్ట్‌కి తగ్గించుకోండి.

ఇక రంగు. మాకు దగ్గర్లోనే కశింకోట ఉంది, వడ్డాది పాపయ్య గారు ఉన్న ఊరు. వ.పా. అని సంతకం పెట్టేవారు. చందమామ, యువ ముఖచిత్రాలు వేసిన మనిషి. ఆయన బొమ్మలు వెతికి, జూమ్ చేసి చూడండి. చీర నీడలో కూడా ఒక రంగు ఉంటుంది, ఒట్టి నలుపు కాదు. నేనూ అలా ప్రయత్నించి దిమ్మలకి మెరిసే పసుపు వేశా, నీడల్లో కొంచెం ఊదా కలిపా. బాగుందనే అనిపించింది. ఈసారి నేనే తీసుకెళ్లి నాన్నకి చూపించా.

మెడ చూశాడు. కాళ్లు చూశాడు. ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ దగ్గరికి లాక్కుని, దిమ్మ మీద వేలు పెట్టి, "ఇది ఒకటో రకమా, రెండో రకమా?" అన్నాడు.

మా మార్కెట్‌లో బెల్లం రంగుని బట్టే రకం, రకాన్ని బట్టే ధర. నా పసుపు ఏ రకంలోకీ రాదట. రేపు పొద్దున్నే ఆయనతో కలిసి మార్కెట్‌కి వెళ్తున్నా, రంగు చూసుకుని రావడానికి. అందుకే పేజీ ఇంకా పోస్ట్ చెయ్యలేదు.