ప్రార్థించుదము, ఆలస్యము చేయకుందము
(ప్రత్తిపాడు సంఘ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరములో పెద్దలు చేసిన మంచి పనులను తలంచుకొనుట మన ధర్మము. అయితే ఈ సాయంత్రము మేము మా పొరపాటు ఒకటి మీ ముందుంచదలచినాము.

అవి మిరప కల్లాల రోజులు. ఒక రాత్రి తొమ్మిది గంటల వేళ ఈ ప్రాంతపు వృద్ధాశ్రమము ఒకదానినుండి మాకు కబురు వచ్చినది. అక్కడున్న మామ్మగారికి మూతి ఒక ప్రక్కకు లాగినది, మాట ముద్దగా వచ్చుచున్నది. నీరసమనుకొని కాఫీ త్రాగించబోగా పొలమారినది. హైదరాబాదులోని కుమారుడు ఫోనులో దొరకలేదు. కొడుకు మాట లేకుండ ఆసుపత్రికి ఎట్లు తీసికొనిపోవుదుమని అందరు ఆగినారు. మేము వెళ్లి, తలపై చెయ్యి ఉంచి చాలసేపు ప్రార్థించినాము. "తెల్లవారనివ్వండి, చూద్దాము" అని చెప్పి ఇంటికి వచ్చినాము.

ఉదయము గుంటూరు చేరగానే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమె బాగుండగా చివరిసారి ఎన్ని గంటలకు చూచినారు?" అని. ఎవరమును చెప్పలేకపోయినాము. మెదడు రక్తనాళములో అడ్డుపడిన గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వవలెను. ఆ సమయము దాటిపోయినది. మామ్మగారు బ్రదికినారు గాని మాట తిరిగి రాలేదు. ఆరాధనలో అందరికంటె ముందుగా పాట ఎత్తుకొను గొంతు అది. మేము ప్రార్థించుట తప్పు కాదు. ప్రార్థన చాటున ఆలస్యము చేయుట తప్పు.

డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883లో గుంటూరు వచ్చినపుడు మిషనువారు ఆమెను వైద్యము చేయుటకు పంపలేదు, బోధన పనికి పంపినారు. అయినను ఆమె రోగులను త్రిప్పిపంపక మందు ఇచ్చినారు. 1898 నాటికి ఆసుపత్రియే వెలసినది. అక్కరలో ఉన్నవారు ఎదుట ఉండగా ఉత్తరువు కొరకు కాచుకొనక పని మొదలుపెట్టిన ఆమె మనకు మాదిరి.

కనుక వృద్ధుల యొద్ద ఉండువారు ఈ సంగతులు ఎరిగియుండవలెను. మూతి వంకరపోయినను, ఒక చెయ్యి వాలిపోయినను, మాట తడబడినను వెంటనే గంట చూచి వ్రాసికొని 108కి ఫోను చేయవలెను. నోట ఏమియు పోయరాదు. జారిపడి తుంటి నొప్పి అన్నవారిని లేపి నడిపించరాదు. చక్కెర వ్యాధికి మందు వాడువారికి చెమటలు, వణుకు, తికమక కలిగినచో, తెలివి ఉంటే పంచదార నీళ్లు ఇవ్వవలెను. తెలివి లేకుంటే నోట ఏమియు పోయరాదు. గుండెపోటు వృద్ధులలో నొప్పి లేకుండ, ఆయాసముతోను వాంతితోను రావచ్చును, కూర్చుండబెట్టవలెను, నడిపించరాదు. మే నెల ఎండలలో ఒళ్లు కాలుచు మాట తేడాగా ఉన్నవారిని నీడకు చేర్చి, తడిగుడ్డలు వేసి, విసరుచు 108ని పిలువవలెను. 2015 మే నెల వడగాడ్పులు రెండు తెలుగు రాష్ట్రములలో ఎందరు పెద్దలను తీసికొనిపోయినవో మనము మరువలేదు.

108 బండ్లు 2005లో మన రాష్ట్రమునకు వచ్చినవి. బండి ఉన్నది, నంబరు అందరికి తెలియును. లేనిది మన ధైర్యమే. "కొడుకు ఏమనునో" అను భయము పోవలెనన్న, ఆశ్రమములో చేర్చిన దినముననే బిడ్డలయొద్ద సమ్మతి వ్రాయించుకొనవలెను. ఆ పెద్దవారి కోరికను కూడ వారి నోటనే అడిగి వ్రాసికొనవలెను. ప్రాణము వారిదే గదా! ప్రతి మంచము తలాపున వాడు మందులు, పడని మందులు, బిడ్డల ఫోను నంబర్లు గల కాగితము ఉండవలెను. రాత్రివేళ ఒకరు మేలుకొనియుండవలెను.

మన యౌవనస్థులు నెలకొకసారి వెళ్లి ఈ కాగితములు సరిచూచెదమని ఒప్పుకొనినారు. వారితో మేమును వెళ్లుచున్నాము. మాట లేని ఆ మామ్మగారు మా చెయ్యి పట్టుకొని నవ్వుచుందురు. ఆ చెయ్యి మమ్మును క్షమించినదనియే నమ్ముచున్నాము. మరియొకరి విషయములో మాత్రము మరల క్షమాపణ అడుగు పరిస్థితి మనకు రాకుండును గాక. ఆమేన్.